రద్దును రద్దు చేయమంటారా?

ఫోన్‌లో ఒక చిన్న పెట్టె తెరుచుకుందనుకోండి. పైన “మీ ఖాతాను రద్దు చేయాలా?” అని ప్రశ్న. కింద రెండు బటన్లు. ఒకదాని మీద “రద్దు చేయి”, ఇంకోదాని మీద “సరే”. ఖాతా ఉంచుకోవాలనుకునే మనిషి ఏది నొక్కాలి?

మనమైతే ఆలోచించకుండా “రద్దు చేయి” నొక్కుతాం. ఆ తెలుగు మాట వెనకాల మనకి ఇంగ్లిష్ “క్యాన్సిల్” కనిపిస్తూనే ఉంటుంది. క్యాన్సిల్ అంటే వచ్చిన దారినే వెనక్కి పోవడమని చిన్నప్పటి నుంచీ వేళ్ళకి అలవాటైపోయింది. ఆ అలవాటు లేనివాళ్ళకి మాత్రం రెండు బటన్లూ ఒకే పని చెప్తున్నాయి. రద్దు చేయి అంటే రద్దే, సరే అన్నా రద్దే. ఇంక బయటపడే దారేది? ఇంగ్లిష్‌లోనూ ఈ తిప్పలున్నాయి. “క్యాన్సిల్ సబ్‌స్క్రిప్షన్?” అని అడిగి కింద “క్యాన్సిల్” బటన్ పెట్టడం డిజైన్ వాళ్ళు చెప్పుకునే పాత జోకు. మనం దాన్ని అనువాదం చేయించుకుని మరీ ఇంటికి తెచ్చుకున్నాం.

ఇది ఎలా పుడుతుందో మనకి తెలియంది కాదు. యాప్‌లో కనిపించే ప్రతి మాటా ఒక ఫైల్లో ఒక కీ కింద ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అయితే తెలుగు మాటలన్నీ వాల్యూస్-టీఈ అనే ఫోల్డర్లో, స్ట్రింగ్స్ ఫైల్లో కూర్చుంటాయి. “క్యాన్సిల్” అనే కీ ఒకటి పెట్టుకుంటాం. ఫొటో అప్‌లోడ్ ఆపడానికి అదే, ఫారం మధ్యలో వదిలేయడానికి అదే, ఖాతా మూసే పెట్టెలోనూ అదే. ఒకే కోడ్‌ని రెండుసార్లు రాయకూడదని సార్లు నూరిపోశారు కదా, మాటల విషయంలోనూ అదే పాటిస్తాం. అనువదించే మనిషికి షీట్లో ఒక్క ముక్క కనిపిస్తుంది: క్యాన్సిల్. ఏ స్క్రీన్‌ది, పైన ఏ ప్రశ్న ఉంది, ఆయనకి తెలియదు. “రద్దు చేయి” అని రాస్తాడు. ఆయన రాసింది తప్పు కూడా కాదు. రెండు వేరే పనులకి ఒకే కీ పెట్టినవాడు ప్రోగ్రామరు.

వికీపీడియా నడిచే మీడియావికీలో దీనికి మంచి ఏర్పాటుంది. దాని అనువాదాలు జరిగే ట్రాన్స్‌లేట్‌వికీ సైట్‌లో సందేశం పక్కన అది ఎక్కడ కనిపిస్తుంది, ఖాళీల్లో ఏం వచ్చి పడుతుంది అని వివరణ రాస్తారు. ఆ వివరణలకి క్యూక్యూక్యూ అని ఒక ఉత్తుత్తి భాష కోడ్ కూడా ఇచ్చారు. అంటే ఇంటర్‌ఫేస్‌లో ఇంగ్లిష్, తెలుగు, తమిళంతో పాటు “వివరణ” కూడా ఒక భాషే! మన మినీ ప్రాజెక్టుల్లో ఎవరైనా అలాంటి కామెంట్ రాయగా నేను చూడలేదు.

నేను చెప్పదలచుకుంది ఒకటే. యాప్‌ని తెలుగులోకి తేవడంలో కష్టం తెలుగు మాట దొరకడం కాదు, డిక్షనరీ తీస్తే పది దొరుకుతాయి. వేరు వేరు పనులకి వేరు వేరు మాటలు, అదీ చెవికి తేడా తెలిసే మాటలు పెట్టడం కష్టం. చెవికి అని ఎందుకంటున్నానంటే, మనలో దాదాపు అందరం ఇంటికి ఫోన్‌లో పనిచేసే కస్టమర్ కేరే. నాన్న అక్కడ స్క్రీన్ చూస్తూ చదువుతారు, మనం ఇక్కడ హాస్టల్ మెట్ల మీద కూర్చుని వింటూ చెప్తాం.

“ఏం కనిపిస్తోంది నాన్నా?”

“ఏదో... ప్రవేశించు అని ఒకటి, నమోదు అని ఒకటి ఉన్నాయి. ఏది నొక్కమంటావ్?”

“మీరు ఇంతకుముందు ఇందులో చేరారా?”

“చేరాననే అనుకుంటున్నా. నువ్వే కదా చేసిచ్చావు సంక్రాంతికొచ్చినప్పుడు.”

ఈ సంభాషణలో నలిగిపోని ఇంజినీరింగ్ స్టూడెంట్ ఉంటాడా? ఇక్కడ తప్పు నాన్నది కాదు. “నమోదు” అంటే ఆయనకి రాయించుకోవడం. రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు, ఓటరు జాబితాలో నమోదు. మొబైల్ నంబర్ కొట్టడం కూడా నమోదు చేయడమే అని ఇంకో స్క్రీన్ మీద ఆయనే చదివారు. ఇంగ్లిష్‌లో “సైన్ ఇన్”, “సైన్ అప్” అని రెండక్షరాల తేడాతో పెట్టి జనాన్ని ఏడిపించారు. మనకి ఆ ఇరుకు లేదు. “కొత్త ఖాతా తెరవండి”, “ఖాతా ఉంది, లాగిన్ అవుతాను” అని రాస్తే ఫోన్‌లో చదివినా చాలు, ఇటు పక్కన ఉన్నవాడికి ఏది నొక్కమనాలో తెలిసిపోతుంది.

“ఖాతా” మాట మీద నాకు పూర్తి ఇష్టం. అకౌంట్‌కి ఇంతకంటే మంచి మాట మనకి దొరకదు. అసలు కంప్యూటర్లలోకి అకౌంట్ వచ్చింది కూడా లెక్కల పుస్తకం లోంచే. 1961లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్ఎస్ అనే టైమ్-షేరింగ్ వ్యవస్థను చూపించింది. ఒకే పెద్ద మెషీన్‌ని చాలామంది ఒకేసారి వాడుకోవడం అన్నమాట. మెషీన్ సమయం బంగారం కంటే ఖరీదు కాబట్టి ఎవరు ఎంతసేపు వాడారో లెక్క ఉండాలి, ఎవరిది వాళ్ళకి విడిగా ఉండాలి. అలా పేరు, పాస్‌వర్డ్, లెక్క కలిసి ఖాతా అయింది. మన కిరాణా కొట్టు శెట్టిగారి పద్దు పుస్తకం లాంటిదే.

ఆ పుస్తకాన్ని కాస్త దగ్గరగా చూస్తే సాఫ్ట్‌వేర్ వాళ్ళు పేజీలకి పేజీలు రాసి చెప్పలేకపోతున్నది అర్థమవుతుంది. పుస్తకం కొట్లో ఉంటుంది, మనింట్లో కాదు. అందులో మన పేరు మీద ఒక పేజీ ఉంటుంది. మనం కొట్టు దిగి ఇంటికొచ్చేస్తే పేజీ అక్కడే ఉంటుంది: అది లాగౌట్. ఇంట్లో మనం రాసుకున్న చీటీ చింపేసినా పేజీ అక్కడే ఉంటుంది: అది ఫోన్‌లోంచి ఖాతా తీసేయడం. కొన్నాళ్ళు సరుకు తీసుకోను, పేజీ అలానే ఉంచండి అంటే డీయాక్టివేట్. శెట్టిగారూ, నా పేజీ కొట్టేయండి అంటే అది డిలీట్. నాలుగు వేరు వేరు పనులు. పల్లెలో చదువు రాని ముసలమ్మకి కూడా ఈ నాలుగింటికీ తేడా తెలుసు. ఆ తేడాని స్క్రీన్ మీదికి తెచ్చేసరికి “తీసివేయి”, “తొలగించు”, “నిష్క్రియం చేయి”, “నిష్క్రమించు” అని రాస్తున్నాం. మొదటి రెండూ తెలుగులో ఒకే మాట. చివరి రెండూ ఫోన్‌లో చదివి వినిపిస్తే మొదటి సగం ఒకేలా వినిపిస్తాయి. అందులో ఒకటి నొక్కితే ఖాతా నిద్రపోతుంది, ఇంకోటి నొక్కితే కేవలం బయటికొస్తాం.

దీనివల్ల ఏం పోతుందో చెప్తాను. మా పిన్ని ఇంట్లోనే మంగళగిరి చీరలు అమ్ముతుంది. ఫొటోలు పెట్టడం, ఆర్డర్లు తీసుకోవడం అంతా ఒక మెసేజింగ్ యాప్‌లోనే. కొత్త ఫోన్ కొనుక్కుంది. పాతది మా తమ్ముడికి ఇస్తూ, వాడు తన చాటింగులు చూడకుండా ముందు తన ఖాతా అందులోంచి తీసేద్దామనుకుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళింది. “ఖాతాను తొలగించు” అని కనిపించింది. తనకి కావాల్సింది అదే కదా, నొక్కింది. నంబర్ అడిగితే ఇచ్చింది. పాత ఫోన్‌లోంచే కాదు, సర్వర్లోంచి కూడా పోయింది. మూడేళ్ళుగా ఒక్కొక్కరినీ అడిగి చేర్చుకున్న కస్టమర్ల గ్రూపులన్నిట్లోంచీ తను బయటికొచ్చేసింది. ఎవరికి ఏ చీర చెప్పింది, ఎవరు ఎంత బాకీ, అంతా ఆ చాట్లలోనే ఉంది.

“కింద హెచ్చరిక ఉంటుంది కదా పిన్నీ, చదవలేదా?” అన్నాను.

“చదివాను నాన్నా. ‘మీ డేటా తొలగించబడుతుంది’ అనుంది. ఆ ఫోన్‌లోంచి తొలగిస్తే మంచిదే కదా అనుకున్నా” అంది.

ఆవిడ చదివింది, తెలుగులోనే చదివింది, చదివిన దానికి సరైన అర్థమే తీసుకుంది. ఎక్కడినుంచి తొలగిస్తారో ఆ వాక్యంలో లేదు. “ఈ ఫోన్‌లోంచి మాత్రమే తీసేయి” అని ఒకటి, “ఖాతాను పూర్తిగా చెరిపేయి, మళ్ళీ రాదు” అని ఇంకోటి ఉండి ఉంటే ఆవిడ ఏది నొక్కేదో మీకే తెలుసు. బటన్ మీద అంత పొడుగు మాట పట్టదంటారు డిజైన్ చేసే మన ఫ్రెండ్స్. రెండు లైన్లు చేయండి మరి. నెలకోసారి కూడా నొక్కని బటన్ పెద్దగా ఉంటే ఎవరికి నష్టం?

పెద్ద కంపెనీలకి ఈ తేడాల విలువ తెలియక కాదు. ఫేస్‌బుక్‌లో డీయాక్టివేట్ వేరు, డిలీట్ వేరు; డిలీట్ అడిగాక కూడా 30 రోజుల్లో మళ్ళీ లాగిన్ అయితే ఆగిపోతుంది. ఖాతా తెరవనిచ్చే ప్రతి యాప్‌లోనూ దాన్ని చెరిపేసే దారి యాప్‌లోనే ఉండాలని 2022 జూన్ 30 నుంచి ఆపిల్ నిబంధన పెట్టింది, కేవలం డీయాక్టివేట్ ఇచ్చి ఊరుకుంటే చాలదని కూడా చెప్పింది. అంటే ఈ రెండు మాటల మధ్య తేడా యాప్ స్టోర్‌లో యాప్ ఉండడం, ఉండకపోవడం దాకా వెళ్ళింది. తెలుగులో మాత్రం ఆ రెంటినీ ఏమనాలో ఒక్కో యాప్‌కి ఒక్కో తోచుబాటు.

ఇక ఖాతాదారుణ్ణి ఏమనాలి? ఈ విషయంలో తెలుగు వికీపీడియా చేసిన మార్పు నాకు భలే నచ్చుతుంది. మొదట్లో అక్కడ యూజర్ పేజీలకి “సభ్యుడు”, “సభ్యులు” అని ఉండేది. ఇప్పుడు “వాడుకరి”. సభ్యుడంటే ఏదో సంఘంలో చందా కట్టి చేరినవాడు, పైగా మగవాడు. అమ్మాయి ఖాతా తెరిచినా పేరు ముందు సభ్యుడు అని పడితే ఎలా ఉంటుంది? వాడుకరి అంటే వాడేవాళ్ళు, ఎవరైనా. మొదటిసారి విన్నప్పుడు కొత్తగా ఉంటుంది గానీ అర్థం అడగక్కర్లేదు.

చాలా యాప్‌లలో దీనికి “వినియోగదారు” అని ఉంటుంది. నాకు దీనితో పేచీ ఉంది. వినియోగదారు అంటే మన జనానికి కన్స్యూమర్. వినియోగదారుల ఫోరం, వినియోగదారుల హక్కులు. కరెంటు బిల్లు మీద వినియోగదారుని పేరు అంటే మీటర్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ అసలు పేరు, ఇంటిపేరుతో సహా. అలాంటిది లాగిన్ పేజీలో “వినియోగదారు పేరు” అని కనిపిస్తే మా తాతయ్య కరెంటు బిల్లులో ఉన్నట్టే కొడతారు, ఇంటిపేరు, పేరు, మధ్యలో చుక్కతో సహా. “తప్పు వినియోగదారు పేరు” అంటుంది మెషీన్. నా పేరు తప్పంటావా అని ఆయనకి కోపం. కోపం రాదా మరి?

నవ్వుతున్నాం గానీ మనం చదువుకునే చోట పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో చదివే ప్రతివాడికీ పదక్షరాల హాల్‌టికెట్ నంబర్ కంఠతా. అందులో 1ఏ అంటే రెగ్యులర్, 5ఏ అంటే లేటరల్ ఎంట్రీ, 05 అంటే సీఎస్ఈ, 04 అంటే ఈసీఈ. దాన్నే క్లాసులో రోల్ నంబర్ అంటాం, ఆఫీసులో రిజిస్టర్ నంబర్ అంటారు. ఇవి కాక అడ్మిషన్ నంబర్, స్కాలర్‌షిప్ అప్లికేషన్ నంబర్, కాలేజీ మెయిల్. ఇన్ని ఉండగా ఏదో ఒక పోర్టల్ తెరిస్తే మొదటి గడిలో “యూజర్ ఐడీ” అని మాత్రమే ఉంటుంది. ఏ ఐడీ? ఫీజు ఆఖరి తేదీ రాత్రి పదకొండున్నరకి క్లాస్ గ్రూప్‌లో వచ్చే మొదటి మెసేజ్ ఇదే. గడి పక్కన “మీ హాల్‌టికెట్ నంబర్” అని రాయడానికి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అక్కర్లేదు.

దీనికి తోడు ఏబీసీ ఐడీ, అపార్ ఐడీ. మొదటిది అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, రెండోది ఆటోమేటెడ్ పర్మనెంట్ అకడమిక్ అకౌంట్ రిజిస్ట్రీ. బ్యాంక్, క్రెడిట్, అకౌంట్ మూడు మాటలూ ఉన్నాయి, డబ్బు మాత్రం ఎక్కడా లేదు. “కాలేజీవాళ్ళు బ్యాంక్ అకౌంట్ తెరవమంటున్నారా, ఆధార్ ఎందుకు అడుగుతున్నారు?” అని ఇంట్లో అనుమానపడితే వాళ్ళని అనేదేముంది? ఆధార్, ఓటీపీ అడిగి డబ్బు కొట్టేసేవాళ్ళ గురించి రోజూ పేపర్లో చదువుతున్నారు మరి. “చదువు మార్కుల ఖాతా, ఇందులో డబ్బుండదు” అని ఒక్క లైన్ రాసి పెడితే ఆ అనుమానం అక్కడే తీరుతుంది.

ఓటీపీ దాకా వచ్చాం కాబట్టి, “సంకేతం” సంగతి కూడా చూద్దాం. పాస్‌వర్డ్‌ని సంకేతపదం అన్నారు. వెరిఫికేషన్ కోడ్‌ని ధ్రువీకరణ సంకేతం అన్నారు. పిన్ కోడ్ ఎటూ ఊరిదో, కార్డుదో, యూపీఐదో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. “మీ సంకేతాన్ని ఎవరికీ చెప్పకండి” అని మెసేజ్ వస్తే ఏ సంకేతాన్ని? పాస్‌వర్డ్ మనం పెట్టుకునేది, చాలాకాలం ఉంటుంది. ఓటీపీ వాళ్ళు పంపేది, కాసేపట్లో చచ్చిపోతుంది. యూపీఐ పిన్ డబ్బు పంపడానికి కావాలి, మనకి డబ్బు రావడానికి అక్కర్లేదు. ఈ ఆఖరి వాక్యం తెలియకే ఎంతోమంది మోసపోతున్నారు. ఇలాంటి చోట మూడింటికీ ఒకే కుటుంబం నుంచి సంస్కృత పదాలు ఏరి తెచ్చి పెట్టడం అందం చూసుకోవడమే గానీ క్షేమం చూసుకోవడం కాదు. పాస్‌వర్డ్, ఓటీపీ, పిన్ అని కూరగాయల బండివాళ్ళు కూడా అంటున్నారు. అవి ఇప్పుడు తెలుగు మాటలే. మా అమ్మమ్మ ఓటీపీకి బహువచనం కూడా చేసింది, ఓటీపీలు.

ఈ మాట అంటే మన క్లబ్‌లోనే కొందరికి నచ్చదని తెలుసు. “అన్నీ ఇంగ్లిష్ మాటలే ఉంచితే తెలుగు ఇంటర్‌ఫేస్ అని ఎందుకనాలి?” అని ఒక సీనియర్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా లెక్క ప్రకారం తెలుగు ఉండాల్సింది క్రియలో, ఆ పని చేస్తే ఏమవుతుందో చెప్పే వాక్యంలో. తెలుగు వికీపీడియాలో “లాగినవండి” అని ఉంటుంది చూడండి. లాగిన్ ఎక్కడిదో, అవ్వండి మనది. అతుకు కనపడకుండా సంధి చేసేశారు. లాగ్ మాత్రం ఇంగ్లిష్ వాళ్ళకి నేరుగా దొరికిందా ఏమిటి? ఓడ వేగం కొలవడానికి వెనకాల నీళ్ళలో వేసే చెక్క మొద్దు అది. ఆ కొలతలు రాసే పుస్తకానికి ఆ పేరొచ్చింది, అక్కడినుంచి మెషీన్లకి పాకింది. వాళ్ళు మొద్దుని తెచ్చుకోగా లేనిది మనం లాగిన్ తెచ్చుకుంటే భాష పాడవుతుందా?

క్రియ అన్నాను కాబట్టి ఒక చిన్న సంగతి. “చేయి” అనాలా, “చేయండి” అనాలా? ఇంగ్లిష్‌లో ఈ బాధ లేదు. తెలుగులో బటన్ నోరు విప్పగానే మర్యాద సంగతి వస్తుంది. మెషీన్ మనిషిని అడుగుతుంటే “పాస్‌వర్డ్ ఇవ్వండి” అనాలి. మనిషి మెషీన్‌కి పని చెప్తుంటే “పంపు”, “చెరిపేయి” అనొచ్చు, బటన్ అంటే మనం ఇచ్చే ఆర్డరే. ఒకే స్క్రీన్ మీద “మీ నంబర్ నమోదు చేయి” అని కలిపేస్తే మాత్రం డెబ్బై ఏళ్ళ మనిషిని ఫోన్ నువ్వు అన్నట్టే. “నా ఖాతా” అని ఒక చోట, “మీ ఖాతా” అని పక్క చోట రాసినా అంతే, మాట్లాడేది ఎవరో తెలియదు.

మనకెందుకు ఇదంతా అంటారా? డీబీఎంఎస్ ల్యాబ్ నుంచి మేజర్ ప్రాజెక్ట్ దాకా మనలో లాగిన్ పేజీ చేయనివాళ్ళు లేరు. వాటిలో కొన్ని రేపు పంచాయతీ ఆఫీసులకో, స్టార్టప్‌లకో వెళ్తాయి. పైగా 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మీ డేటా ఎందుకు తీసుకుంటున్నామో చెప్పే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు జనానికి ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. తన డేటా చెరిపేయమని అడిగే హక్కు కూడా అదే చట్టంలో ఉంది. “చెరిపేయమని” అడగడానికి ఏ బటన్ నొక్కాలో అర్థం కాకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. ఆ బటన్ మీది మాట ఎవరో ఒకరు టైప్ చేయాలి, చాలా సార్లు అది మనలాంటి ఫ్రెషరే.

కాబట్టి ఈ సెమిస్టర్ ప్రాజెక్ట్‌కి ఎక్స్‌టర్నల్ రాకముందు ఒక పని చేద్దామంటాను. మీ యాప్ స్క్రీన్‌షాట్ ఇంటికి పంపి, ఫోన్ చేసి, చదివించుకోండి. “కొత్త ఫోన్ కొన్నావు, పాతదాంట్లోంచి నీ ఖాతా తీసేయాలి, ఏది నొక్కుతావు?” అని అడగండి. తడుముకుంటే మాట మార్చండి, వాళ్ళకి నేర్పించకండి. “రద్దు చేయి” బదులు “వద్దు, వెనక్కి” అని, “సరే” బదులు “అవును, ఖాతా చెరిపేయి” అని పెట్టి మళ్ళీ అడిగి చూడండి.

లాగౌట్‌కి మాత్రం నా దగ్గర మంచి తెలుగు మాట లేదు. “నిష్క్రమించు” రైల్వే స్టేషన్ బోర్డు. “బయటికి రా” అంటే యాప్ మూసేయడం అనుకుంటారు. “ఖాతా మూసేయి” అంటే బ్యాంకులో క్లోజ్ చేసినట్టు, అది మరీ ప్రమాదం. ప్రస్తుతానికి లాగౌట్ అనే ఉంచుతున్నాను. మీ ఇంట్లో దీన్ని ఏమంటున్నారో చెవిన పడితే క్లబ్ మెయిల్‌కి రాసి పంపండి, కొట్టు కట్టేసేటప్పుడు మీ ఊళ్ళో వాడే మాటైనా సరే.